మూడో కన్ను మీద వేలు

తొమ్మిదో రోజు.
బొగ్గు దింపే చోటు ఖాళీ లేదట,
ఓడ ఇంకా బయటే లంగరేసుంది.
ఊరు కనపడుతున్నా ఊరు చేరని ఆ ఓడలో
ఇంజను గదికి నూనె పోస్తాడు మా బావ పోలిరాజు.

"ఎనిమిదింటికి వెనక డెక్కు మీదికొస్తాను.
పెద్ద టార్చి మూడు సార్లు ఎలిగించి ఆర్పుతాను, సూడండి."

ఆర్కే బీచిలో వెలుతురెక్కువ.
అక్కడ సముద్రాన్ని మనుషుల కంటే
దీపస్తంభాలే ఎక్కువ చూస్తుంటాయి.
అక్కని బండెక్కించుకుని
జోడుగుళ్లపాలెం దాకా పోనిచ్చాను.

లెక్కపెట్టాం. పదకొండు ఓడలు.
మళ్లీ లెక్కపెడితే పన్నెండు.
ఒకటి చేపల పడవ కావచ్చు,
లేకపోతే తక్కువ ఎత్తులో ఉన్న చుక్క.

అక్క ఫోను తీసింది.
స్క్రీను పగిలిందని ఎవరో ఇచ్చి, మళ్లీ రాకపోతే
పూర్ణా మార్కెట్టు వెనక నా కొట్లో
ఏడాది ఎదురుచూసి, బాగుచేసి, దానికిచ్చాను.
వీపున మూడు కళ్లు.
అద్దం మీద రెండు వేళ్లు పెట్టి విడదీసింది,
పిండిముద్దని సాగదీసినట్టు.
పది రెట్లు. ఇరవై. ముప్పై.
ఓడ దగ్గరికి రాలేదు.
చీకటే దగ్గరికొచ్చింది,
బొంబాయి రవ్వలా పొడిపొడిగా,
అక్కడక్కడ ఊదారంగు కలిసి.

కదలకుండా పట్టుకోమంది ఫోను.
చెయ్యి కదలకపోయినా నాడి కదులుతుంది కదా.
పొత్తులు కాల్చే తోపుడుబండి అంచుకి
మోచేతులు రెండూ ఆన్చింది.
బండి ముసలమ్మ విసనకర్ర ఆపి
తనూ ఊపిరి బిగబట్టింది,
ఎందుకో ఎవరూ చెప్పకుండానే.

వచ్చింది బొమ్మ.
తడిచేత్తో తుడిచిన పసుపు మరక.
పక్కన రెండు కిటికీలు,
ఓడకి లేనివి, ఫోనే గీసిపెట్టినవి.

"ఇంత జూము ఉందన్నావు కదరా!"

చెప్పాలనిపించలేదు. చెప్పాను.
ఇలాంటివి వందలు విప్పేనక్కా,
దూరం చూసే కంటికి వాకిలి ఇరుకు.
రాత్రి ఉన్న కాస్త వెలుగూ అందులోంచి పట్టదు.
అందుకని అది పడుకుంటుంది.
పక్కనున్న పెద్ద కన్ను చూసి,
చూసిందాంట్లో ఓ ముక్క కోసి, లాగి,
ఇదే దూరమని చూపిస్తుంది.
నమ్మవా, ఇదిగో.

మూడో కన్ను మీద వేలు పెట్టాను.
బొమ్మ నల్లబడలేదు.
అదే మరక, అవే దొంగ కిటికీలు.

అక్క నా వేలు కేసి చాలాసేపు చూసింది.
"ఎనిమిది రాత్రులు మేడ మీంచి దీంతోనే సూసేను.
ఏటి, పడుకున్న కంటితోనా?"

నా దగ్గర జవాబు లేదు.
ఫోను దించేసింది.
కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఏడుపు కాదు, ఉప్పుగాలి.

అప్పుడు, ఎడమ నించి నాలుగోది,
ఒకటి.
రెండు.
మూడోది రావడానికి కాస్త జాగయింది,
ఓడ ఊగిందో, బావ చెయ్యి ఊగిందో.

"అదిగో" అని అక్క అరవలేదు. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది.
నేను నా ఫోనులో పట్టాను, మూడు క్షణాల రాత్రి ఫొటో.
అందులో మూడు మెరుపులూ కలిసి
ఒకే చుక్కయి కూర్చున్నాయి.
మధ్యలో ఆరిపోవడాలు ఎటుపోయాయో.

అంతలో బావ నుంచి ఒక ఫొటో.
అటువైపు నించి మన ఊరు:
కైలాసగిరి సగం, మిగతా తీరమంతా
పళ్లెంలో ఒలికిన పాకం.
ఓ మూల ఎర్రటి చిన్న చుక్క,
దాని చుట్టూ వేలితో గీసిన సున్నా.
కింద రాశాడు,
"ఎర్రసీర. నువ్వే కదా రత్నం?"

అక్క కట్టుకున్నది నీలం చీర.
ముసలమ్మ బండి మీద నిప్పులు
అప్పుడే బూడిద కప్పుకుంటున్నాయి.

"నేనే" అని కొట్టింది అక్క.
పంపేసి, వెనక్కి తిరిగి,
"ఇంకొంచెం ఇసురు పిన్నీ" అంది.