జీడితొక్కు

పలాసలో మా జీడిబట్టీ కాడ
పప్పుకున్న ఇలువ తొక్కుకి నేదు.
పప్పు డబ్బాలెక్కి ఊర్లు తిరుగుతాది,
తొక్కు లారీలెక్కి ఇటుకల బట్టీకెల్తాది,
జీడి మాత్రం మా సేతుల్లో ఉండిపోతాది.

ముప్పయ్యేళ్లు పిక్కలు కొట్టాను.
రేషన్ డిపోలో మిషను మీద
ఏ ఏలు పెట్టినా ఒకటే మాట:
మళ్లీ పెట్టండి.

వైశాఖంలో ఒక గుంట వచ్చింది.
డిల్లేశ్వరి, కంచిలి పిల్ల, ఏదో పెద్ద సదువు.
"పెద్దమ్మా, రెండు కేజీల తొక్కు ఇయ్యవా?"
ఏటికే అనడిగితే నవ్వింది.
దీపాలు సేత్తానంది.

నూనె తీసీసి, ఎండబెట్టి, పిండి కొట్టి,
నీళ్లు పోసి ఉక్కుగిన్నిలో బిగించి
రేత్రల్లా ఉడకేత్తాదంట,
ఒక్కపాలైనా మూత తియ్యకుండా.
అప్పుడా బొగ్గు ఇరిగి ఇరిగి,
ఎంటికని పదేలు పేలికలు సేస్తే
అందులో ఒక పేలికంత అవుతాదంట.
"కంటికి ఆననిదానికి ఇంత కష్టమేటే?"

ఆషాఢంలో మళ్లీ వచ్చింది, సంచి నిండా గాజుగొట్టాలు.
తలుపులేసి ఊదారంగు లైటు ఏసింది.
టీ డికాషన్లాటి నీళ్లు
నీలంగా ఎలిగాయి.
ఓలమ్మో!
నా సేతులు నల్లజేసిన తొక్కులో
ఇంత ఎలుగు ఎక్కడ దాగుందో.

తరవాత మా నూతినీళ్లు నాలుగు సుక్కలు ఏసింది.
ఎలుగు ఆరలేదు, తగ్గింది.
మాటాడతా మాటాడతా
ఎవులో వస్తే గొంతు తగ్గించినట్టు.

"ఏటుందే అందులో?"
"ఇప్పుడే సెప్పలేను పెద్దమ్మా.
ఇనుము కావచ్చు, ఇంకోటి కావచ్చు.
పెద్ద మిషను మీద సూడాల."

మా మరిది సోంపేట ఆస్పత్రిలో
వారానికి రెండుసార్లు నెత్తురు కడిగించుకుంటాడు.
అతనికీ ఇదే సెప్పారు:
కావచ్చు, కాకపోవచ్చు.

ఇదే తొక్కు బొగ్గుతోటి
ఇసాన్ని పట్టే వల అల్లుతానంది.
ఎప్పటికే అంటే
రెండేళ్లో, మూడేళ్లో అంది.
గొట్టానికి కాయితం అంటించి
"తవిటమ్మ నుయ్యి" అని రాసింది.
ఏలిముద్ర పడనిదాన్ని,
పేరు పడింది.

లైటు ఆర్పీసి ఆ గుంట బస్సెక్కింది.
నాను బిందె ఎత్తుకుని
ఆ నూతికే ఎల్లాను.
రేత్రికి గంజి కాయాల గదా.