అరిగిన బటన్

ములుగు రోడ్డు మీది నా షెడ్డుకు
పొద్దుగూకంగ వచ్చిండు ఐలుమల్లు.
"మీటరే మార్చాలన్నరు షోరూమోళ్లు.
పద్దెనిమిది వేలట."

మీటరు ఏం పాపం చేసింది?
ముల్లు లేస్తాంది, లైట్లన్నీ ఎలుగుతానయి.
పలుకనిది ఒక్క తెరనే.
టైం కాడ ఆగింది,
ఎంత నొక్కినా పేజీ తిరుగదు.

వైపరు కాడ విప్పి
మల్టీమీటరు పుల్లలు రెండు కొసలకు ఆనిచ్చిన.
నొక్కన్నా.
కూత లేదు.
ఇంకింత గట్టిగ.
లేదు.
ఆ రెండు తీగలను నేనే స్క్రూడ్రైవరుతో కలిపితే
తెర టక్కున మారింది:
పోయిన దూరం, మైలేజీ,
బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు.

రోగం స్విచ్చుది.

లోపలి రాగిరేకు
ఒక్క దిక్కే అరిగి అద్దమోలె మెరుస్తాంది.
మూడేండ్ల బండికి ఇంత అరుగుడా?
"ఏం చూస్తవే గిన్నిసార్లు?"

తల గోక్కున్నడు.
"డీజిలు ఇంకెన్ని కిలోమీటర్లకొస్తదో...
కిరాయి దొరికేదాక గదే చూస్త."

తుక్కు బండిది ఒకటి తెచ్చి అతికిచ్చిన.
మూడు వందలన్న. రెండే ఇచ్చిండు.

తెర చెప్పింది: ముప్పై ఒకటి.
ములుగు యాభై.

బండి ఇంకా రోడ్డెక్కనే లేదు,
కిటికీల నుంచి కనవడ్డది బొటనవేలు,
మళ్ల నొక్కుతాంది.