దిగుడు ఎక్కుడు

ముప్పై రెండేండ్లు
హన్మకొండ–పరకాల రూట్ల నిలవడి టికెట్లు కొట్టిన.
గూడెప్పాడ్ క్రాస్ కాడ ఎవలు దిగుతరో
మొకం సూసి చెప్పేటోన్ని.

రిటైరైనంక వచ్చిన పదకొండు లక్షలు
నక్కలగుట్ట ఆఫీసుల నిఖిలేశ్ చేతిల వెట్టిన.
ఏసీ సల్లగుండె. చాయ్‌ల యాలక్కాయ వాసన.
"ఓదెలు అంకుల్, మీరు నిమ్మలంగ కూసోండ్రి
బండి నేను నడిపిస్త" అన్నడు.
ఎన్ని కాయితాలో యాదికి లేదు.
నా సంతకం పల్లెవెలుగు బస్సు లెక్క
చెయ్యెత్తిన కాడల్లా ఆగింది.

ఇగ సురువైంది.
తొమ్మిదింబావుకు ఫోను టింగుమంటది: కొన్నం.
పది కొట్టకముందే టింగుమంటది: అమ్మినం.
మల్ల కొన్నం.
గదే కంపెని, గదే ధర, ఇరవై పైసలు అటో ఇటో.
"ఎవలకో నీ మీద మస్తు పావురమున్నట్టుంది"
అని సారక్క నవ్వేది.
నేను సుత నవ్విన.
పని నడుస్తుందనుకున్న.

వానకు కరెంటు వోయిన రాత్రి
మనుమరాలి నోటుబుక్కుల ఎస్సార్ షీటు గీతలు గీసి
టార్చిలైటు కింద కూడుకుంట వోయిన.
పదకొండు నెలలు.
పద్నాలుగు వందల ఆరు టికెట్లు.
ఒక్కడే ప్యాసింజరు.
ములుగు రోడ్డు కాడ ఎక్కిచ్చి ఆరెపల్లిల దింపి
ఆరెపల్లిల ఎక్కిచ్చి ములుగు రోడ్డుకే తెచ్చి దింపి
దిగితె ఒకటి, ఎక్కితె ఒకటి.
పరకాల మొకం సూడనే లేదు.
షేర్ల మునిగింది నలభై వేలు.
కిరాయికి వోయింది నాలుగు లక్షల డెబ్బై.

అడిగితె
"మార్కెట్ అట్లుంది అంకుల్" అన్నడు.
రోడ్డు గుంతలదే గావచ్చు బిడ్డా,
స్టీరింగు తిప్పింది గుంతనా?

ఒకపారి ఒగ్లాపూర్ కాడ
చెకింగోళ్లు బండాపిండ్రు.
ముసలామెకు టికెట్ కొట్టలేదని, ఎనిమిది రూపాలు తక్కువని
నలభై మంది ముంగట నా జేబులు తడిమిండ్రు.
నెల సస్పెండు.
ఆ నెల బియ్యం ఉద్దెరిచ్చిన దుకాణపాయన
ఇప్పటికీ నన్ను ఎనిమిది రూపాలాయన అనే పిలుస్తడు.
నిఖిలేశ్ బండిని ఆపే చెకింగోళ్లు
ఏ స్టేజీల నిలవడుతరో
నాకు ఎరుక లేదు.

ఇయ్యాల ఫిర్యాదు రాస్తున్న.
"మీరు అనుమతి ఇచ్చితిరా" అన్న గడి కాడ
పెన్ను ఆగింది.
అరగంటాయె. చాయ్ సల్లారింది.
ఎక్కుతనని చెయ్యెత్తిన, నిజమే.
గిన్నిసార్లు దింపుమన్ననా?