రెండో లాగుడు

సోమశిల గేట్లు దించి తొమ్మిది రోజులు.
పెన్న ఎరుపు విరిగి
కుండలో తేరుకున్న నీళ్ళలా పచ్చబడింది.
స్వాతి కార్తె. చలి ఇంకా రాలేదు గానీ
మోకాళ్ళకు ముందే కబురందింది.

"ఇప్పుడు దిగతాది సామీ పెద్దది," అన్నాడు దశయ్య.
"వరదలో తిరుగులాడేదంతా పిల్లకాయలే.
పెద్దది, నీళ్ళు నెమ్మదించిందాకా
గుండంలో పొట్ట ఆనించి పడుకోనుంటాది."

నేను లైన్‌మన్‌ని, సంగం సబ్‌స్టేషన్.
తీగంటే నాకు ముట్టకూడనిది.
అతనికి తీగంటే
కాలి బొటనవేలికి చుట్టుకొని నిద్రపోయేది.

బీరాపేరు వచ్చి పెన్నలో పడే చోట
రెండు నీళ్ళు చాలా దూరం కలవవు.
ఒకటి మట్టిరంగు, ఒకటి పాచిరంగు,
నడుమ కుట్టు వేసినట్టు ఒక గీత.
ఆ కుట్టు మీదే వెయ్యమన్నాడు.
వాలుగ వడిలో నిలబడదట.
పక్కన నిలకడ నీళ్ళలో ఉండి
వడిలో కొట్టుకొచ్చే కూటిని చూస్తుందట,
బస్టాండు బెంచీ మీద కూర్చుని
ప్రతి బస్సు బోర్డూ చదివే ముసలాయన మాదిరి.

ఎర, బతికున్న పరిగె.
వెన్ను ముల్లుకు పైన, ప్రాణానికి తగలకుండా
గాలం గుచ్చడం అతని పెళ్ళాం పోలమ్మ నేర్పింది.
మూడు పరిగెలు చచ్చాక నాకొచ్చింది.

మొదటి రాత్రి ఒక జెల్ల.
రెండో రాత్రి దోమలు.
మూడో రాత్రి, ఇసుక లారీలు కూడా ఆగిపోయాక,
నా వేలి కింద తీగ కదిలింది.
కదలడం కాదు,
అవతల ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

తీగలో ప్రాణముంటే వెనక్కి రమ్మని
పన్నెండేళ్ళు నేర్చుకున్న చెయ్యి
ఆ పూట ముందుకు దూకి గుంజింది.
ఒక్క క్షణం బరువు.
ఇసుక బస్తా బరువు కాదు,
నా మీద కోపమున్న బరువు.
తర్వాత
నీళ్ళు ఎంత తేలికో తెలిసింది.

దశయ్య బీడీ ముట్టించాడు.
"బువ్వ నోట్లో పెట్టుకుంటా ఉంటే
చెయ్యి పట్టి లాగితివే!
అది ముందు అడ్డంగా కరుచుకుంటాది.
తన తావుకు ఎత్తకపోతాది. ఆగతాది. తిప్పుకుంటాది.
మళ్ళా కదులుతాది చూడు, అప్పుడు లాగాల.
మొదటిది దానిది. రెండోది మనది."

తెల్లారుజామున అతని బొటనవేలు లేచింది, అతను లేవలేదు.
కళ్ళు మూసుకునే తీగ వదిలాడు,
ఏడు బారలు, ఎనిమిది.
ఆగింది.
బ్యారేజీ మీద వాచ్‌మన్ దగ్గాడు.
ఆగే ఉంది.
నా సర్వీసులో అంత కరెంటు
ఏ వైరులోనూ చూళ్ళేదు.
అప్పుడు కదిలింది.

పదకొండు కిలోలు.
మీసాలు నా మూరంత,
నోట్లో నా పిడికిలి పట్టింది, ఊరికే పెట్టి చూశా,
గీరుకుపోయింది.

సెంటర్లో గోతం పరిచి కూర్చున్నాం.
కార్తీక సోమవారం.
తలలు ఆరకముందే గుడికి పోయే ఆడవాళ్ళు
పక్కకు తప్పుకున్నారు గానీ
కళ్ళతో తూకం వేసుకునే పోయారు.
"అమ్మో, ఎంతుందో!" అందొకామె. కొనలేదు.
పదకొండు దాటాక పరాటా హోటల్ కరీముల్లా వచ్చి
కిలో తొంభైకి బేరం తెంచాడు.

ఏరు పెద్దచేపనిచ్చే నెలా
ఊరు చేప ముట్టని నెలా ఒకటే అయితే ఎట్టా, అన్నాను.
దశయ్య నోట్లు తడిచెయ్యి తగలకుండా మడుస్తా,
"అందుకే గదా సామీ అది అంతైంది," అన్నాడు.

తలకాయ నాకిచ్చాడు.
ఇంట్లో ఉపవాసం. గడప దాటనివ్వలేదు.
సబ్‌స్టేషన్ వెనక మూడిటుకలు పెట్టి
చింతపులుసులో ఉడికించాను.
కలిపిన చేతికి, చూపుడువేలి మీద
తీగ కోసిన గీత
భగ్గుమంది.

చెయ్యి తియ్యలేదు.