ఎర్ర పీలిక

యూనిట్ మూసేస్తున్నారట.
పామూరు రోడ్డులో నా మోటారు వైండింగ్ షాపుకి
కరెంటు లేని మధ్యాహ్నం కవరొచ్చింది.
స్క్వాడ్రన్ చరిత్ర అచ్చు వేస్తారట, పాతవాళ్లు రాసి పంపాలట.
ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని రోజులు:
మూడు గళ్లు గీసి పంపారు.

రాస్తాను సార్.
మెడికల్‌లో డాక్టరు నా పళ్లు చూసి
"తుప్పు తింటావా?" అన్నాడు.
కనిగిరి నీళ్లు సార్ అన్నాను.
మాల్యాద్రి అంటే మలయాళీ అనుకున్నారు మూడేళ్లు.
ఓనానికి సెలవిచ్చారు. కాదనలేదు.

నా పని చిన్నది.
హెలికాప్టర్ డొక్కలకి అటూ ఇటూ రాకెట్ గొట్టాలు.
లేవబోయే ముందు వాటి పిన్నులు లాగాలి.
పిన్నుకో ఎర్ర పీలిక.
నాలుగూ లాగి, పైకెత్తి, అద్దంలోంచి కనపడేలా ఊపాలి.
లోపల బర్వే సారు నాలుగు వేళ్లు చూపించాలి.
ఆ తర్వాత దుమ్ము,
నోట్లో, చెవుల్లో, సాయంత్రం చపాతీలో.

ఆ రెక్కల కింద, వెనకవైపు, గుండ్రంగా ఒక ఉబ్బు.
మా నాయన కోడె మూపురం నిమిరినట్టు
రోజూ దాన్ని ఒకసారి తట్టేవాణ్ణి.
"పొడుస్తుందా మాల్యాద్రీ?" అనేవాడు బర్వే సారు.
సరిగ్గా తోలితే పొడవదు సార్.

మొదటి గడి: ఎడారి, నాలుగు నెలలు.
ఇసుక తినేసిన రెక్క అంచుకి టేపు అంటించడం,
పొద్దున్నే బూట్లు దులిపి తేళ్లు రాల్చడం.
యుద్ధం వస్తుందన్నారు. రాలేదు.
రాని యుద్ధానికి మీ గడి ఉందా?

రెండో గడి: దీవి.
దిగగానే నా కాళ్లు ఆగిపోయాయి.
అవే తాళ్లు, అదే ఉప్పుగాలి,
మన రామాయపట్నం వడ్డునెవరో అక్కడికి లాక్కెళ్లి పరిచినట్టు.
నిండు గొట్టాలు వెళ్లేవి, ఖాళీవి వచ్చేవి.
మసి తుడిచేవాణ్ణి.
ఎక్కడ పడ్డాయో నేను అడగలేదు.
బర్వే సారు ఒక్కసారే చెప్పాడు, టీ గ్లాసులోకి చూస్తూ:
మన చప్పుడు వింటే జనం చెట్ల కిందికి దూరుతున్నారని.

మూడోది మీ లెక్కలో ఉండదేమో, ఆరు రోజులే.
తుఫాను మా జిల్లా మీదే పడింది.
గొట్టాలు విప్పి పక్కన పెట్టమన్నారు,
ఆ బరువుకి సరిపడా అటుకుల మూటలు ఎక్కించమన్నారు.
నన్నూ ఎక్కించుకున్నారు, భాష వచ్చినవాడినని.
పైనుంచి మన్నేరేదో సముద్రమేదో తెలియలేదు.
సింగరాయకొండ పట్టాలు చూసి దారి చెప్పాను.
అదే చప్పుడు సార్.
జనం తాళ్ల కింద నుంచి బయటికొచ్చి చీరలు ఊపారు.
మూట తోస్తుంటే నా చెయ్యి జేబులోకి పోయింది,
పిన్నులు తడుముకోను.

చివరి గడి మీరే నింపుంటారు.
"శిక్షణలో నష్టం, ఒకటి."
హైటెన్షన్ తీగ.
ఆ పొద్దున నాలుగూ లాగాను,
బర్వే సారు నాలుగు వేళ్లు చూపించాడు.
చీకటి పడేదాకా నిలబడ్డాను పీలికలు పట్టుకుని.
గుచ్చడానికేమీ తిరిగిరాలేదు.

విచారణలో మూడు పిన్నులే అప్పగించాను.
నాలుగోది పోయిందని సంతకం పెట్టాను,
జీతంలో కోసుకున్నారు.
పోలేదు సార్.
రాత్రిపూట ఈ షాపు షట్టర్ కొక్కేనికి గుచ్చేది దాన్నే.
పీలిక వెలిసి తెల్లబడింది,
మొన్న మా ఆవిడ మార్చబోతే అరిచాను, రెండు రోజులు మాట్లాడలేదు.
ఇప్పుడు పొద్దస్తమానం నా చేతుల్లో రాగితీగే,
చుట్టడం, కాలిందాన్ని విప్పడం.
మ్యూజియం పెడుతున్నారని కూడా రాశారు.
పంపాలో లేదో

కరెంటొచ్చింది.
వెలిగండ్ల నుంచి మోటారు తెచ్చిన రైతు
ఇందాకటి నుంచి కూర్చునే ఉన్నాడు, పైరు ఎండుతోందంటున్నాడు.
మిగతాది రేపు రాస్తాను.