పక్క కుర్చీ

హల్ ఊళ్లో ఫ్యామిలీ కోర్టు. మంగళవారం, వాన.
గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను
నా సంచీలోంచి చిన్న కత్తెర తీసి పక్కన పెట్టాడు.
పసుపు చీటీలు వదిలేశాడు, రెండు పెన్నులు, పుదీనా బిళ్ళలు.
"మెకెంజీ ఫ్రెండ్ మీరేనా?" అంది జాబితా పట్టుకున్నావిడ.
అవునన్నాను.
ఆ మెకెంజీ ఎవరో నేనెరగను,
ఏనాటి విడాకుల కేసులోనో మిగిలిపోయిన పేరు.
నా పేరు హైమావతి. ముప్పై ఏళ్లు ఆసుపత్రి మందుల కౌంటర్లో
డాక్టర్ల గొలుసురాత చదివిపెట్టినదాన్ని.
ఇప్పుడు మంగళవారాలు ఇక్కడ.

నేను లాయర్ని కాను.
పక్కన కూచోవచ్చు. రాసుకోవచ్చు.
చెవిలో ఓ మాట వెయ్యొచ్చు, అదీ గుసగుసగా.
జడ్జిగారి ముందు మాత్రం పెదవి విప్పకూడదు.
అందరికీ తలలో నాలుకలా ఉంటుందనేవారు మా వాళ్లు నన్ను.
ఆ నాలుకని కదలకుండా ఉంచడం ఎంత పనో
ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఈవేళ కీరన్ ఆట్‌వే. గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.
దాచుకున్న డబ్బు లాయరు రాసిన మొదటి రెండు ఉత్తరాలకే సరి.
అతని వాంగ్మూలంలో అబద్ధం అన్నమాట పదకొండు చోట్ల ఉంటే
నా వంటింటి బల్ల మీద, మూడు టీలు చల్లారేలోగా,
పది కొట్టేయించాను.
పదకొండోది వదలనన్నాడు.
సరే, ఉండనీ అన్నాను.

అటు బల్ల దగ్గర ఆమె, ఆమె లాయరు.
లాయరు కాగితాలకి రంగురంగుల అంచులు.
ఆమె చేతిలో టిష్యూ నలిగి నలిగి పిండిలా రాలుతోంది.
ఆమె పిలిచుంటే ఆమె పక్కన కూచునేదాన్ని.
ఇది కీరన్‌తో చెప్పలేదు.

"మిస్టర్ ఆట్‌వే, మీరు కోరేదేమిటి?"
నిన్న రాత్రి నాలుగుసార్లు అప్పజెప్పాడు నాకు.
ఇప్పుడు గొంతులో పచ్చి వెలక్కాయ.
మెడ ఎర్రబడింది. బల్ల కింద మోకాలు ఒకటే ఆడుతోంది.
నాకు జవాబు వచ్చు. కామాలతో సహా వచ్చు.
పళ్లు బిగపట్టి
పసుపు చీటీ రాసి జరిపాను: పేజీ 43.
దానికింద: నీళ్లు తాగు.
తాగాడు.
పేజీ తిప్పాడు.
"శనివారాలు," అన్నాడు. ఆగాడు. "మా మేబెల్‌కి
ముందుపన్ను ఊడిందట, మేడమ్.
నేనింకా ఆ సందు చూళ్లేదు."
ఆ మాట 43లో లేదు. మేం రాసినదాంట్లో ఎక్కడా లేదు.
నేను నోట్ చేసుకోవడం మర్చిపోయాను.

మధ్యాహ్నానికి తేలింది: వారం విడిచి వారం, శనివారం,
పది నుంచి పన్నెండు, సెంటర్లో, ఎవరో ఒకరు చూస్తుండగా.
ఆరు నెలలయ్యాక మళ్లీ రావాలి.

మెట్ల మీద అడిగాడు, గెలిచామా అని.
ఇక్కడ నన్ను మాట్లాడొద్దనేవాళ్లు లేరు.
గొడుగు తెరుస్తూ ఉండిపోయాను.
"పది నుంచి పన్నెండంటే," అన్నాడు తనే,
"కోటు విప్పడం, బూట్లు తొడగడం
అన్నీ ఆ రెండు గంటల్లోనేనా?"
"కనుక్కుందాం," అన్నాను. "రాసిపెట్టుకో."
జేబులు తడుముకున్నాడు. నా పెన్నే ఇచ్చాను.

కత్తెర లోపలే వదిలేసి వచ్చానని
బస్సెక్కాక గుర్తొచ్చింది.