తాడుకి గ్రీజు

వాల్పరైసోలో కొండెక్కే పెట్టెబండి నడుపుతుంది నెలిదా.
ఇరవై రెండేళ్లుగా ఒకటే మీట, ఒకటే తాడు.

మార్చిలో ఒక మంగళవారం, సగం దారిలో
తాడు బాగానే ఉంది,
తనే తెగింది.
వేళ్లు తిమ్మిరెక్కి, గుండె గొంతులోకొచ్చి
తలుపు బాదింది.
చేపలబుట్ట ముసలాయన
"సముద్రం చూడమ్మా" అన్నాడు.
సముద్రమే మీదికొస్తోంది.

ఈసీజీలో ఏమీ లేదన్నారు.
ఆ ఏమీ లేదనే మాటకే
ఏడుపొచ్చింది.

డాక్టరు మాత్ర రాసింది.
అక్క బోల్డో ఆకు కాచి ఇచ్చింది.
మింగితే నేను నేనేనా?
మూడు వారాలు చీటీ పర్సులో నలిగింది.

సోమవారం మెకానిక్ వచ్చి
ఎప్పట్లాగే తాడుకి గ్రీజు పూశాడు.
తాడుని ఎవరూ పిరికిదనలేదు.

ఇవాళ మొదటి మాత్ర.
గురువారం సైకాలజిస్టు.
తలుపు తీసింది:
తొమ్మిదిమంది, ఒక వీధికుక్క.
లోపల ఇంకా కొంచెం
భయానికి చోటుంది.
మీట లాగింది.